రెండు గెంతుల బంతి

వెర్నా హాల్వర్సన్ పెన్సిలుకి రబ్బరు ఉండదు. కొన్న రోజే వెనక ఉన్న ఆ గులాబీ ముక్కని పళ్లతో పీకి పారేస్తుంది. మొగుడు ఆల్విన్ నేర్పిన అలవాటు అది. ఆయన క్లేబర్గ్ ఊరి పత్రికలో ఆటల వార్తలు రాసేవాడు. ఊళ్లో జరిగే లీగు బేస్‌బాల్ ఆటలకి అధికారికంగా లెక్క రాసే పని కూడా ఆయనదే. చూపు మందగించాక పక్కన వెర్నా కూర్చుని చూసింది చూసినట్టు చెబుతుంటే ఆయన రాసేవాడు. ఆ తరవాత ఆమే రాస్తుంటే ఆయన సంతకం పెట్టేవాడు. ఆయన పోయిన ఏడాది లీగు వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఇక మీరే రాయండి అని. ఆరో తరగతితో బడి మానేసి ఆవుల పాలు పిండిన మనిషికి అంతకన్నా పెద్ద ఉత్తరం అంతకు ముందూ రాలేదు, ఆ తరవాతా రాలేదు. ఇప్పుడు, అంటే 1955 ఆగస్టులో, ఆ కుర్చీలో ఆమెకిది తొమ్మిదో వేసవి.

"బంతి ఆగేలోపు రాసెయ్యి వెర్నా," అనేవాడు ఆల్విన్. "ఆగాక రాస్తే కన్ను రాయదు, ప్రేమ రాస్తుంది."

తొమ్మిది వేసవుల్లో ఆమె చెయ్యి ఒక్కసారి ఆగింది. అది ఆ ఆదివారం మధ్యాహ్నం.

లెక్క రాసేవాళ్ల చేతిలో పెద్ద అధికారమేమీ లేదు గానీ, ఒకటుంది. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి, పరుగు దారిలో గుర్తుగా పెట్టిన బేసు చేరాడంటే అది వాడి గొప్పా, బంతి ఆపాల్సినవాడి తప్పా అన్నది చెప్పేది వాళ్లే. గొప్ప అయితే హిట్. తప్పయితే ఇంగ్లీషులో ‘ఈ’ అన్న అక్షరం, పక్కన ఆ తప్పు చేసినవాడి అంకె. మైదానంలో ఒక్కో చోటికి ఒక్కో అంకె ఉంటుంది. మొదటి బేసు దగ్గర నిలబడేవాడిది మూడు, రెండో బేసు దగ్గరివాడిది నాలుగు.

క్లేబర్గ్‌లో నాలుగంటే ఓరిన్ ప్రస్కా.

ఓరిన్ నాలుగు వేసవుల నుంచీ వెర్నా ఇంట్లోనే ఉంటున్నాడు. మేడ మీద ముందు గది అతనిది. ఆటగాళ్లకి ఊళ్లో వాళ్లే గదులిస్తారు. వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు, సగం మంది పేర్లు కూడా గుర్తుండవు. వెర్నాకి మాత్రం గుర్తుంటాయి, అది వేరే సంగతి. ఎవరికి ఎన్ని తప్పులో కూడా ఆమెకి గుర్తే. ఓరిన్ లెక్కయితే, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

పద్దెనిమిదో ఏట, యుద్ధానికి ముందు, మొదటి లీగులో తొంభై ఏడు ఆటలకి నలభై ఒక్క తప్పులు. "అమ్మగారూ, మూడో వరసలో కూర్చున్న జనం మా అమ్మని చూసి జాలిపడేవాళ్లు," అని తనే చెప్పుకుని నవ్వుతాడు. ఆ తరవాత నాలుగేళ్లు సైన్యంలో. తిరిగొచ్చిన ఏడాది ముప్ఫై ఆరు. భుజం నొప్పి పెడుతుంటే, దగ్గర్లోకే విసిరే చోటని రెండో బేసుకి మార్చారు. అక్కణ్ణుంచి ఒక్కో ఏడూ ఒక్కో మెట్టు దిగొచ్చింది ఆ అంకె. ఇరవై నాలుగు, పంతొమ్మిది, క్లేబర్గ్ వచ్చిన ఏడాది పద్నాలుగు, పోయినేడు ఎనిమిది. ఆ అంకెలు దిగొచ్చిన తీరే అతని కథంతా అనిపిస్తుంది వెర్నాకి. పొద్దున్నే లేచి గోడకేసి బంతి కొట్టుకుంటూ పట్టుకోవడం, గ్లౌజుకి నూనె రాయడం, ఊరూరి నేల ఎక్కడ గట్టిదో ఎక్కడ ఇసకో చేత్తో తడిమి చూడడం, అన్నీ ఆ దిగుడులో ఉన్నాయి. బ్యాటు మాత్రం ఏనాడూ సరిగ్గా ఆడలేదు పాపం. వెయ్యిసార్లు బ్యాటు పడితే హిట్లు రెండు వందల ముప్ఫై ఒకటి, అదీ లెక్క. అందుకే ముప్ఫై రెండేళ్లు వచ్చినా పెద్ద లీగుల్లోంచి ఎవరూ పిలవలేదు. ఇక పిలవరు కూడా.

కానీ ఈ ఏడాది ఒకే ఒక్క తప్పు. అది మే నెలలో, వాన కురిసిన బురద మైదానంలో. అతని దాకా వచ్చిన బంతులు అయిదు వందల ముప్ఫై, జారినది ఒక్కటి. ఆ తరవాత వరసగా ఎనభై ఎనిమిది ఆటలు తప్పన్నదే లేదు. రెండో బేసు ఆటగాళ్లలో ఈ లీగు రికార్డు తొంభై ఒకటి. ఇంకో నాలుగు ఆటలు గడిస్తే ఓరిన్ ప్రస్కా అన్న పేరు లీగు పుస్తకంలో అచ్చయి ఉంటుంది, అతను పోయాక కూడా. సైన్యం పోగా పదకొండు వేసవులు బస్సుల్లో కూర్చుని అరిగిపోయిన నడుముకి మిగిలేది అదొక్కటే. ఊరంతా వేళ్ల మీద లెక్కపెడుతోంది. రొట్టెల కొట్టువాడు అద్దం మీద సుద్దముక్కతో రోజూ ఆ అంకె రాస్తున్నాడు.

ఆ నాలుగు ఆటల్లో మొదటిది ఆదివారం.

ఏడో ఇన్నింగ్స్. క్లేబర్గ్ రెండు పరుగుల ముందుంది. బంతి విసురుతున్నది క్లైడ్ టాకెట్, కెంటకీ కొండల్లోంచి వచ్చిన ఇరవై రెండేళ్లవాడు. వెర్నా ఇంట్లోనే వెనక గదిలో ఉంటాడు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకడు అవుటైతే ఆ వంతు ముగుస్తుంది. మూడు బేసుల మీదా మనుషులున్నారు. కొట్టినవాడు నేల మీదుగా కొట్టాడు. గట్టిది కాదు, వంకరది కాదు. రెండు గెంతుల బంతి. ఓరిన్ వంగాడు. బంతి అతని గ్లౌజు కిందనుంచి వెనక గడ్డిలోకి వెళ్లిపోయింది.

ఇద్దరు పరుగెత్తి వచ్చేశారు. తరవాతి వాడు గోడకి తగిలేలా కొట్టాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. మొత్తం నాలుగు.

అదంతా తరవాత. ముందు, ఓరిన్‌ని దాటిపోయిన బంతి గడ్డిలో ఆగింది. వెర్నా పెన్సిలు కాగితం మీద కదలకుండా ఉంది. జనంలోంచి ఎవరో "రాయి తగిలింది! రాయి తగిలి ఎగిరింది!" అని అరిచారు. ఆమె ఫోను ఎత్తి స్కోరుబోర్డు మనిషితో "హిట్" అంది. బోర్డు మీద హిట్ దీపం వెలిగింది. ముందున్న రెండు పరుగులూ పోయాయన్నది మరిచి జనం పండగలా చప్పట్లు కొట్టారు.

పక్క కుర్చీలో రేడియోకి వ్యాఖ్యానం చెప్పే లెస్టర్ మైకు చేత్తో మూశాడు.

"ఆగావు వెర్నా."

"తుమ్మొచ్చింది."

"నేను వినలేదే."

"ఆడది తుమ్మితే ఊరంతా వినాలా ఏంటి? నీ పని నువ్వు చూసుకో."

లెస్టర్ నవ్వి మైకు వదిలాడు. ఆమె నవ్వలేదు.

*

సోమవారం బట్టలుతికే రోజు. ఉతికిన దుప్పట్ల బుట్ట చంకన పెట్టుకుని వెనక గుమ్మం దాటబోతుంటే, క్లైడ్ గది తలుపు తెరిచి కనిపించింది. మంచం మీద అట్టపెట్టె, అందులో చొక్కాలు.

"ఒరేయ్ క్లైడ్, ఏం చేస్తున్నావు?"

"సర్దుకుంటున్నానమ్మా. ఇంకొకళ్లు సర్దేలోపు నేనే సర్దుకుంటే మర్యాద."

"ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

"ఇంకా ఎవరూ అనలేదు. బుధవారం పైనుంచి మనిషొస్తున్నాడట, కాగితాలు చూసి ముగ్గుర్ని ఇంటికి పంపుతాడట. నిన్నటి నాలుగు పరుగులూ నా మీదే కదా. తొమ్మిది ఇన్నింగ్స్‌కి అయిదు పరుగుల పైనే అయింది నా అంకె. బంతి విసిరేవాళ్లలో నాలుగు లోపున్న వాళ్లే ఆరుగురున్నారు." చొక్కా మడత సరిగ్గా రాక మళ్లీ విప్పాడు. "మీరు కాల్చి పెట్టే ఆ తీపి రొట్టె, ‘పై’, అది మాత్రం గుర్తుంటుందమ్మా. ఆ రూ... ఏమంటారు దాన్ని, ఆ పుల్లటి ఎర్ర కాడలది."

"రూబార్బ్. రెండు నెలలుగా తింటున్నావు, పేరైనా నేర్చుకోలేదు," అని గసిరి బయటికి నడిచింది వెర్నా.

బంతి విసిరేవాడి మీద పరుగులు రాయడానికి ఒక న్యాయం ఉంది. అతని చేతకానితనం వల్ల వచ్చిన పరుగులే అతనివి. వెనక నిలబడ్డవాడు తప్పు చేస్తే వచ్చినవి అతని మీద పడవు. నిన్న ఆ బంతి దగ్గర ‘ఈ’ అని రాసి ఉంటే, మూడో అవుటు అయిపోవాల్సింది కాబట్టి, ఆ నాలుగింట్లో ఒక్కటి కూడా క్లైడ్‌ది కాదు. హిట్ అని రాసింది కాబట్టి నాలుగూ అతనివే. ఆ కాగితం ఇంకా వంటింటి బల్ల మీదే, చక్కెర డబ్బా కింద ఉంది. సాయంత్రం అయిదింటి తపాలాకి లీగు ఆఫీసుకి వెళ్లాలి. అందాకా ఆమె మాటే మాట. వెళ్లాక ఆమెది కాదు.

దండెం దగ్గర ఓరిన్ అప్పటికే నిలబడి ఉన్నాడు. బట్టల క్లిప్పులు నాలుగు నోట్లో పెట్టుకున్నాడు. ప్రతి సోమవారం అతనే దుప్పటికి రెండో కొస పట్టుకుంటాడు. ఎత్తుగా ఆరేయడానికి ఆమెకి చెయ్యందదు.

"రాత్రి సరిగ్గా తినలేదు," అంది ఆమె.

"ఊఁ."

"ఆ క్లిప్పులు తీసి మాట్లాడు."

తీశాడు. ఒక్కొక్కటీ దుప్పటికి తగిలిస్తూ అన్నాడు. "అది నా బంతి అమ్మగారూ."

"ఏది?"

"మీకు తెలుసు ఏదో."

"రాయి తగిలింది."

"ఆ నేలని పొద్దున్న నేనే చదును చేశాను. రాయుంటే నాకు తెలీకుండా ఉండదు."

వెర్నా తలగడ గలీబు దులిపింది, అవసరం కన్నా గట్టిగా. "చూడు నాయనా. తొమ్మిదేళ్లలో ఎంతమంది ఆటగాళ్లు నా గుమ్మం ఎక్కారో తెలుసా? నా తప్పు కొట్టేయండి, అది హిట్ చేయండి అని. పూలు తెచ్చినవాడు ఉన్నాడు. ఏడ్చినవాడు ఉన్నాడు. ఒకడు తన తల్లి చేత రాయించాడు. నాకు తప్పు రాయండి అని వచ్చినవాడు నువ్వొక్కడివే. నీకేమైనా జ్వరమా?"

"లేదు."

"నాలుగు ఆటలు, ఓరిన్. మిగిలింది మూడే. మూడు."

"నాకూ లెక్కలొచ్చు అమ్మగారూ."

"మరి? ఆ లోపలివాడు పెట్టె సర్దుకుంటున్నాడనా? అందుకని నేను రాసింది మార్చాలా? రేపు ఇంకొకడు పెట్టె సర్దుకుంటాడు, వాడి కోసం ఇంకోటి మార్చాలా? జాలి పడి రాసే పుస్తకం కాదు అది."

దుప్పటి గాలికి ఉబ్బి ఓరిన్ మొహం మీద పడింది, పక్కకి తోశాడు.

"వాడి కోసమైతే నేను అడగను," అన్నాడు చివరికి. "నిజం చెప్పాలంటే ఇంకోటుంది, అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. వాడి సంగతి లేకపోతే నేను నోరు మూసుకునేవాణ్ణేమో. నిన్న బోర్డు మీద హిట్ అని వెలగగానే నా లోపల ఏదో హమ్మయ్య అంది. ఆ హమ్మయ్యనే రాత్రంతా మింగలేకపోయాను. గ్లౌజు కింద పెట్టలేదు నేను. పద్దెనిమిదేళ్లప్పుడు చేసిన తప్పే. తల ముందే ఎత్తాను, విసరబోయే వైపు చూశాను. బంతి ఇంకా చేతికి రాకుండానే."

వెర్నా కళ్లు మూసుకుంది. ఆమెకి ఏదీ మరుపు రాదు, అదొక శిక్ష. మళ్లీ ఆ బంతిని చూసింది. మొదటి గెంతు గట్టి నేల మీద. రెండో గెంతు మెత్తటి నేల మీద, మోకాలి ఎత్తు కూడా లేదు. రాయి లేదు. గ్లౌజు బొటనవేలు నేలకి నాలుగు వేళ్ల పైన. టోపీ అంచు అప్పటికే పైకి లేచి ఉంది. బంతి ఆగకముందే ఇదంతా చూసింది ఆమె. చూసి, చెయ్యి ఆపింది.

"నువ్వు తల ఎత్తావు," అంది మెల్లగా.

"ఎత్తాను."

"నాకు తెలుసు. నిన్నే తెలుసు." బుట్ట కింద పెట్టేసింది. "తప్పు నీ ఒక్కడిదీ కాదు. నా తప్పుకి ఆ కాగితంలో గడి లేదు, అంతే తేడా. నాలుగేళ్లుగా నా బల్ల దగ్గర తింటున్నావు, నీ పేరు అచ్చులో చూడాలని ఉండదా నాకు? ఆల్విన్ ఉంటే ఏమనేవాడో."

"ఏమనేవారు?"

"ఏమీ అనేవాడు కాదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవాడు. అదే భరించలేం."

వంటింట్లోకి వెళ్లారిద్దరూ. చక్కెర డబ్బా జరిపి కాగితం తీసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఇంట్లో రబ్బరు లేదు. ఉన్న ప్రతి పెన్సిలుకీ తనే పీకేసింది. ఓరిన్ పక్కింటికి వెళ్లి అడుగుతానన్నాడు.

"అడిగితే అరగంటలో ఊరంతా తెలుస్తుంది. ఆ రొట్టె ఇలా ఇవ్వు."

రొట్టె మధ్యలోంచి మెత్తటి ముక్క తుంచి, వేళ్ల మధ్య ఉండ చేసి, పెన్సిలు గీత మీద మెల్లగా రుద్దింది. ఆమె చిన్నప్పుడు అమ్మ అలాగే చెరిపేది. ఉండ నల్లబడింది, కాగితం తెల్లబడింది. ఓరిన్ బల్లకి అటువైపు నిలబడి చూశాడు. చివరిసారి ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. ఆమె పెన్సిలు ఎత్తి చూపించింది, మాట్లాడకు అన్నట్టు.

‘ఈ’ అని రాసింది. పక్కన నాలుగు.

కింద క్లైడ్ పేరుకి ఎదురుగా ఉన్న నాలుగుని కూడా చెరిపి సున్నా పెట్టింది. సంతకం చేసింది.

"ఎనభై ఎనిమిది," అన్నాడు ఓరిన్. ఆ అంకె ఎంత బరువో చేత్తో తూచినట్టు అన్నాడు. "బాగానే ఉంది. ఎనభై ఎనిమిది ఎవరికైనా తక్కువేం కాదు."

"కూర్చుని తిను. రాత్రిది కూడా కలిపి."

కాగితం అయిదింటి తపాలాకి వెళ్లింది. తపాలా కచేరీ దాకా ఆమే నడిచి వెళ్లి ఇచ్చి, దారిలో పత్రిక వాళ్లకీ మార్పు చెప్పి వచ్చింది.

*

మంగళవారం పొద్దున పత్రికలో నాలుగు వరసల వార్త పడింది. పదకొండు గంటలకల్లా రొట్టెల కొట్టు అద్దం మీది అంకె తుడిచేశారు. కొట్టువాడు వెర్నాకి రొట్టె కట్టిచ్చాడు గానీ ఎప్పుడూ అడిగే కుశలం అడగలేదు. వీధి చివర ఒకావిడ తన కంచె దగ్గర్నుంచే, "నీ ఇంట్లో తింటున్నవాణ్ణే అలా చేశావేమిటమ్మా," అంది. వెర్నా "వాన వచ్చేలా ఉంది" అని సాగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర క్లైడ్ కుర్చీ చప్పుడయ్యేలా లాక్కుని కూర్చున్నాడు. పంది మాంసం ముట్టుకోలేదు. మొక్కజొన్న కంకి ముట్టుకోలేదు. ‘పై’ ముక్క పెట్టిన పళ్లేన్ని చూపుడు వేలితో అవతలికి నెట్టాడు.

"ఏంట్రా?" అంది వెర్నా.

"నాకొద్దమ్మా."

"ఒంట్లో బాలేదా?"

"ఒళ్లు బాగానే ఉంది. మనసు బాలేదు. మీరంటే నాకు మా నాయనమ్మంత గౌరవం, అయినా చెబుతున్నా. అన్నకి అన్యాయం చేశారు మీరు. బోర్డు మీద వెలిగాక మార్చడమేంటి? ఇన్నేళ్ల కష్టం అమ్మా అది! మూడు ఆటలు! నేను అన్న ముందు నిలబడి విసిరాను, నాకు తెలుసు, అది రాయే. గులకరాయి కాదు, బండ! ఇలాంటి ఇంట్లో నేను ‘పై’ తినను."

ఓరిన్ కంకి కొరుకుతూ, "తినరా, వేడి చల్లారిపోతోంది," అన్నాడు.

"నువ్వు ఊరుకో అన్నా. నీకు నోరు లేదు, నేనైనా అడగాలి కదా. అసలు మార్చితే ఎవరికి లాభం? నువ్వు పోగొట్టుకున్నావు. జట్టు ఎలాగూ ఓడింది. కొట్టినవాడికి హిట్ పోయింది. ఇంక ఎవడికయ్యా లా..."

అక్కడ ఆగాడు. నోరు తెరిచే ఉంది. కళ్లు బల్ల మీది గళ్ల గుడ్డని చూస్తున్నాయి గానీ గళ్లు లెక్కపెట్టడం లేదు. పెదవులు కదిలాయి, నాలుగు తీసేసి భాగించినట్టు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

కుర్చీ ఓరిన్ వైపు తిప్పుకున్నాడు.

"అన్నా," అన్నాడు చివరికి, గొంతు సన్నగా వచ్చింది. "నువ్వు వెళ్లి అడిగావా?"

"ఏమడిగాను? రాసేది ఆవిడ. నన్ను కంచెలో గొర్రెలా పక్కన నిలబెట్టి రాసింది."

"అమ్మా?"

"తల ఎత్తాడు, గ్లౌజు దించలేదు, బంతి కిందనుంచి పోయింది," అంది వెర్నా. "నీ కోసం రాయలేదు, వాడి కోసం రాయలేదు. ముందే రాయాల్సింది. ఆదివారం నాకు తుమ్మొచ్చింది."

ఓరిన్ పళ్లేన్ని మళ్లీ క్లైడ్ ముందుకి జరిపాడు. క్లైడ్ చెంచా తీసుకున్నాడు. తింటూ ఒకసారి మోచేత్తో కళ్లు తుడుచుకుని, "పుల్లగా ఉంది," అన్నాడు.

"రూబార్బ్ అంతే," అంది వెర్నా.

భోజనమయ్యాక ఎవరూ చెప్పకుండానే గిన్నెలన్నీ కడిగాడు. ఒక కప్పు పగలగొట్టాడు కూడా. మర్నాడు బుధవారం ఆ పైమనిషి రావడం, ముగ్గురిని పంపెయ్యడం, ఆ ముగ్గురిలో క్లైడ్ లేకపోవడం తరవాతి సంగతి. అప్పటికి అతనికి ఆ సంగతి తెలీదు. అయినా గదిలోకెళ్లి పెట్టెలోంచి చొక్కాలు తీసి మళ్లీ కొయ్యలకి తగిలించాడు.

ఆ సాయంత్రం ఆటకి వెర్నా మెట్లెక్కి తన చోటికి వెళుతుంటే జనంలోంచి కొందరు బూ అన్నారు. రొట్టెల కొట్టువాడు గట్టిగానే అన్నాడు. వెర్నా కుర్చీ తుడుచుకుని కూర్చుని కొత్త కాగితం పరిచింది. లెస్టర్ తన కాఫీ ఆమె వైపు జరిపాడు.

"చాలా మందికి కోపంగా ఉంది వెర్నా."

"ఉండనీ. సీజను అయ్యేసరికి చల్లారుతుంది."

"నీకు?"

ఆమె పెన్సిలు మొన చూసుకుంది. కింద ఓరిన్ రెండో బేసు దగ్గరికి పరుగెత్తి వస్తున్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు, ఆమెని బూ అన్నంత గట్టిగా అతనికి కొట్టారు. అతను వంగి నేలని చేత్తో ఒకసారి తడిమాడు, ఎప్పటిలాగే.

మొదటి ఇన్నింగ్స్, రెండోవాడు కొట్టాడు. నేల మీదుగా, గట్టిది కాదు, వంకరది కాదు. మొదటి గెంతు. రెండో గెంతు. ఓరిన్ వంగాడు. గ్లౌజు నేలకి ఆనింది, టోపీ అంచు దించే ఉంది. బంతి చేతికి వచ్చాకే తల ఎత్తి మొదటి బేసుకి విసిరాడు.

ఆ బంతి అవతలివాడి గ్లౌజులో చప్పుడు చేసేసరికి వెర్నా పెన్సిలు అప్పటికే కాగితం మీద నుంచి లేచింది. నాలుగు, గీత, మూడు. ఒక అవుటు. చెయ్యి ఆగలేదు.

"చూశావా," అంది లెస్టర్‌తో, కాఫీ అందుకుంటూ. "ఒకటి. మళ్లీ మొదట్నుంచి."